ఎవరు తలుచుకున్నారు?

పిల్లలూ, అన్నం తింటూండగా మీకు ఎప్పుడైనా పొలమారిందా? పొలమారనివాళ్ళంటూ ఎవరూ ఉండరు. మెతుకో, మంచినీళ్ళ చుక్కో ఎక్కడో దారి తప్పుతుంది. ఉక్కిరిబిక్కిరి అయి, కళ్ళ వెంట నీళ్ళు కారేదాకా దగ్గుతాం. వెంటనే ఇంట్లో పెద్దవాళ్ళెవరో వచ్చి నడినెత్తిన అరచేత్తో తట్టి, "ఎవరో తలుచుకుంటున్నారు," అంటారు.

మా అవ్వ అంతటితో ఊరుకునేది కాదు. ఆ తలుచుకునేది ఎవరో తేల్చేదాకా ఆవిడకు తోచేది కాదు. "ధర్మవరం అత్తా? కదిరి చిన్నమ్మా? గుత్తి మామా?" అంటూ ఒక్కొక్కరినే చెప్పేది. ఎవరి పేరు చెప్పినప్పుడు దగ్గు ఆగితే వాళ్ళు తలుచుకున్నట్టు. దగ్గు ఎప్పుడో ఒకప్పుడు ఆగక తప్పదు గనక, ఎవరో ఒకరు దొరక్కుండా ఉండేవారు కాదు.

నాకు పదేళ్ళు వచ్చేదాకా అవ్వ మాట మీద పూర్తి నమ్మకం ఉండేది. అది ఎలా పోయిందో మీకు చెబుతాను. అందులో నా తప్పు కూడా ఉన్నది గనక, ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నాకు గొంతులో ఏదో అడ్డం పడ్డట్టే ఉంటుంది.

మాది అనంతపురం జిల్లాలో ఒక పల్లె. అక్కడ వాన ఎంత తక్కువో, వేరుశెనగ అంత ఎక్కువ. వీటిని మా వైపు శెనక్కాయలంటారు, బుడ్డలని కూడా అంటారు. తెలంగాణవాళ్ళు పల్లీలంటారు. 1981 కార్తీకమాసంలో పంట ఇంటికి వచ్చింది. వసారా నిండా కాయలు రాశిపోసి ఉన్నాయి. ఒకనాటి సాయంకాలం అమ్మ గింజలు వేయించి, బెల్లంముక్కతో సహా మా ఇద్దరికీ పెట్టింది. మా తమ్ముడికి అప్పుడు నాలుగేళ్ళు. వాడు గుప్పెడు గింజలు ఒక్కసారే నోట్లో పోసుకున్నాడు.

ఆ రోజు ఉదయమే మా వీధిలోకి గంగిరెద్దు వచ్చింది. నేను అమ్మ చీర ఒకటి వీపు మీద కప్పుకుని, ఆ ఎద్దు లాగా తల ఆడించి, కాలితో నేల దువ్వాను. తమ్ముడు కిలకిలా నవ్వాడు. నవ్వుతున్నాడు గదా అని నేను ఇంకా గట్టిగా తల ఆడించాను.

వాడి నవ్వు మధ్యలోనే తెగిపోయింది. నోరు తెరిచి ఉన్నది గాని చప్పుడు లేదు. కళ్ళు పెద్దవయ్యాయి. తరవాత దగ్గు మొదలయింది. ఆ దగ్గు మామూలు దగ్గు కాదు. ముఖం ఎర్రబడి, వంకాయ రంగుకు తిరిగింది. అవ్వ పరుగున వచ్చి నెత్తిన తడుతూ అత్తనూ చిన్నమ్మనూ పిలిచింది. గుత్తి మామ దగ్గరికి వచ్చేసరికి దగ్గు కాస్త తగ్గింది. తమ్ముడు భోరున ఏడ్చాడు. నీళ్ళు తాగాడు. కాసేపటికి బెల్లం కావాలన్నాడు. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. "గుత్తి మామే! సందేహం లేదు," అన్నది అవ్వ.

వాడు ఎందుకు నవ్వాడని ఎవరూ అడగలేదు. నేను చీర మడతపెట్టి, చప్పుడు చెయ్యకుండా దండెం మీద వేశాను.

ఇక్కడ కథ కొంచెం ఆపుదాం. ఆ గింజ ఏమయిందో తెలియాలంటే, మన లోపలికి గాలి వెళ్ళే దారి ఎలాంటిదో ముందు తెలియాలి.

గాలికి సింహద్వారం ముక్కు. నోటితో కూడా ఊపిరి పీల్చవచ్చు గాని, అది దొడ్డిదారి. ముక్కంటే రెండు బొక్కలే గదా అనుకోకండి. ఆ బొక్కల వెనక లోపల ఒక్కొక్క వైపున మూడేసి పలచని ఎముకల మడతలున్నాయి. వాటి మీద మెత్తని తడి పొర, ఆ పొర నిండా నెత్తురు గొట్టాలూ ఉన్నాయి. గాలి ఈ మడతల మధ్య సందుల్లో దూరి పోవాలి. బయట ఎంత చలిగా ఉన్నా, గొంతు దిగేసరికి గాలి దాదాపు మన ఒంటి వెచ్చదనానికి వస్తుంది, తడి కూడా అవుతుంది. ఇదంతా ఒక్క క్షణంలో జరుగుతుంది. మనం రోజుకు సుమారు 20,000 సార్లు ఊపిరి తీస్తాం. అన్నిసార్లూ ఈ పని జరగవలసిందే.

దుమ్ము సంగతి మరీ చిత్రం. పెద్ద నలుసులను ముక్కు వెంట్రుకలు ఆపుతాయి. చిన్నవి ఆ తడి పొరమీద ఉండే జిగురుకు అంటుకుంటాయి. ఆ జిగురు కదలకుండా ఉండదు. దాని కింద కంటికి కనిపించని సన్నని నూగు కొన్ని కోట్లు ఉన్నది. ఆ నూగు గాలికి ఊగే వరిచేను లాగా ఒకే వైపుకు ఊగుతూ జిగురును నిమిషానికి సుమారు అర సెంటీమీటరు చొప్పున గొంతు వెనక్కు తోస్తుంది. దాన్ని మనకు తెలియకుండానే మింగేస్తాం. అసహ్యం వేసిందా? కడుపులోని ఆమ్లం అందులోని క్రిములను చాలావరకు చంపుతుంది గనక, అసహ్యపడవలసిన పని లేదు. జలుబు చేసినప్పుడు ఆ జిగురే ఎక్కువై, ముందువైపు నుంచి కూడా కారుతుంది. దానికే చీమిడి అని పేరు.

మీరొక పని చెయ్యండి. తళతళలాడే స్టీలు పళ్ళెం ఒకటి తీసుకుని, ముక్కు కింద పై పెదవికి ఆనించి అడ్డంగా పట్టుకోండి. నోరు మూసుకుని ముక్కుతో ఊపిరి వదలండి. పళ్ళెం మీద రెండు ఆవిరి మచ్చలు పడతాయి. చాలామందికి అందులో ఒకటి పెద్దదిగానూ, ఒకటి చిన్నదిగానూ ఉంటుంది. కొన్ని గంటలు పోయాక మళ్ళీ చూడండి. పెద్ద మచ్చ రెండోవైపుకు మారి ఉండవచ్చు! ముక్కులోని మడతలు ఒకవైపు ఉబ్బితే రెండోవైపు తగ్గుతాయి. రెండు ముక్కులూ వంతులేసుకుని పనిచేస్తాయన్నమాట. జర్మనీలో కైజర్ అనే వైద్యుడు 1895లో ఈ సంగతి వివరించాడు. మన యోగులు అంతకు చాలాకాలం ముందే ఎడమ ముక్కు ఊపిరిని ఇడ అనీ, కుడిదాన్ని పింగళ అనీ వేరువేరుగా లెక్కపెట్టారు.

ముక్కు దాటగానే గొంతు పైభాగం వస్తుంది. అక్కడి నుంచి రెండు చెవులకూ సన్నని దారులున్నాయి. తిరుమల కొండ ఎక్కేటప్పుడు చెవులు దిబ్బడ వేసి, గుటక వెయ్యగానే 'టప్' మని తెరుచుకునేది ఆ దారులే. అదే చోట చిన్నపిల్లలకు మెత్తని కండముద్ద ఒకటి ఉంటుంది. అది బాగా పెరిగితే ముక్కు దారి మూసుకుని, పిల్లలు నోరు తెరిచి నిద్రపోతారు, గురక కూడా పెడతారు. పెద్దయేకొద్దీ అది తనంతట అదే కుంచించుకుపోతుంది. కాని పిల్లవాడు రాత్రిళ్ళు గురక మధ్యలో ఊపిరి ఆగినట్టయి ఉలిక్కిపడి లేస్తూంటే, డాక్టరుకు చూపించటం మంచిది.

ఇప్పుడు అసలైన చోటికి వస్తున్నాం. మీరు గుంతకల్లు రైలు జంక్షను పేరు వినే ఉంటారు. మన గొంతు కూడా ఒక జంక్షనే. కాని ఇంత చిత్రమైన జంక్షను ఏ ఇంజనీరూ కట్టడు. పైన చూస్తే ముక్కు దారి వెనక, నోటి దారి ముందు ఉన్నాయి. కిందికి దిగేసరికి గాలి గొట్టం ముందుకూ, అన్నం గొట్టం వెనక్కూ ఉన్నాయి. వెనకనుంచి వచ్చే గాలి ముందుకు పోవాలి, ముందునుంచి వచ్చే అన్నం వెనక్కు పోవాలి. రెండు దారులూ ఒకదాన్నొకటి అడ్డంగా దాటుకోక తప్పదు! మనం తినే ప్రతి ముద్దా, తాగే ప్రతి చుక్కా గాలి గొట్టం నోటి మీదుగా పోవలసిందేననీ, ఊపిరితిత్తుల్లో పడే ప్రమాదం ఎప్పుడూ ఉన్నదేననీ చార్లెస్ డార్విన్ 1859లో అచ్చయిన తన పుస్తకంలో ఆశ్చర్యపడ్డాడు.

ఇలా ఎందుకు ఉన్నదంటారా? తల్లి కడుపులో నాలుగో వారంలో మనకు అన్నం దారి ఒక్కటే ఉంటుంది. దాని ముందుభాగంలో చిన్న మొగ్గ పుట్టి, కొమ్మలేసి, గాలి గొట్టమూ ఊపిరితిత్తులూ అవుతుంది. ఒకే గొట్టం నుంచి చీలిన అన్నదమ్ములు గనక, ఇంటి వాకిలి ఉమ్మడిగా మిగిలిపోయింది.

మరి రోజూ ఇన్ని ముద్దలు తింటున్నాం, అస్తమానమూ పొలమారదేం? రైలు వచ్చేటప్పుడు రోడ్డుమీద గేటు వేస్తారు చూడండి, అలాంటి ఏర్పాటు ఇక్కడ ఉన్నది. మీ గొంతు ముందువైపున గట్టిగా తగిలే ముడి మీద వేలు పెట్టుకుని గుటక వెయ్యండి. ఆ ముడి గబుక్కున పైకి పోయి కిందికి వస్తుంది. అదే స్వరపేటిక, గాలి గొట్టానికి పై గది. మీరు గుటక వేసేటప్పుడు అది పైకీ ముందుకూ జరిగి నాలుక మొదట్లో తల దాచుకుంటుంది. దాని మీద ఆకు ఆకారంలో ఉన్న ఉపజిహ్విక మూతలాగా వంగుతుంది. లోపలున్న రెండు స్వరతంత్రులూ తలుపు రెక్కల్లాగా దగ్గరికి వచ్చి మూసుకుంటాయి. నోటి పైకప్పులోని మెత్తని అంగిలి పైకి లేచి ముక్కు దారిని మూస్తుంది. ఇన్ని గేట్లూ పడి, ముద్ద దాటిపోయి, మళ్ళీ తెరుచుకోవటానికి పట్టే కాలం దాదాపు ఒక్క సెకను. ఆ సెకనులో ఊపిరి ఆడదు. గుటక వేస్తూ ఊపిరి పీల్చి చూడండి, మీవల్ల కాదు.

చాలామంది ఉపజిహ్వికనూ కొండనాలుకనూ ఒకటే అనుకుంటారు. అద్దంలో నోరు తెరిస్తే పైనుంచి వేలాడుతూ కనిపించేది కొండనాలుక. ఉపజిహ్విక దానికి కింద, నాలుక వెనక దాగి ఉంటుంది. మామూలుగా కనబడదు. అక్కడున్న స్వరతంత్రులు బతికున్న మనిషిలో కదలటం శ్రద్ధగా చూసి లోకానికి వివరించినవాడు వైద్యుడు కాదు, పాటలు నేర్పే మేష్టారు! ఆయన పేరు మాన్యుయెల్ గార్సియా, స్పెయిన్ దేశస్థుడు. ఆయన 1854లో పారిస్ నగరంలో పళ్ళ వైద్యులు వాడే చిన్న అద్దాన్ని తన గొంతులో పెట్టుకుని, మరో అద్దంతో ఎండ దానిమీదికి పడేట్టు చేసి, తన స్వరతంత్రులను తానే చూసుకున్నాడు. ఆయన నూరేళ్ళు దాటి బతికి 1906లో చనిపోయాడు.

సరే, గేటు ఇంత బాగా పనిచేస్తుంటే మా తమ్ముడికి ఏమయింది? నవ్వినప్పుడు లోపలి గాలి విడతలు విడతలుగా బయటికి పోతుంది. దాంతో ఖాళీ అయి, వెంటనే ఒక పెద్ద ఊపిరి లోపలికి లాక్కుంటాం. ఆ లాగేటప్పుడు తలుపు బార్లా తెరిచి ఉంటుంది. నోటి నిండా గింజలు పెట్టుకున్నవాడు అలా ఊపిరి లాగితే, గేటు వెయ్యని రోడ్డుమీదికి రైలు వచ్చినట్టే. మాట్లాడుతూ తిన్నా, పరుగెత్తుతూ తిన్నా జరిగేది ఇదే. అప్పుడు మనను కాపాడేది దగ్గు. దగ్గంటే గాలిని లోపలికి తీసుకుని, తలుపు బిగించి, పొట్టా రొమ్మూ గట్టిగా నొక్కి, ఒక్కసారిగా తలుపు వదిలెయ్యటం. ఆ విసురుకు మెతుకులు ఎగిరి బయటపడతాయి. మా అవ్వ అత్తల పేర్లూ మామల పేర్లూ చెబుతున్నంతసేపూ లోపల పనిచేసింది ఈ దగ్గేనన్నమాట.

కాని ప్రతిసారీ దగ్గు గెలవదు.

ఆ సాయంకాలం తరవాత నాలుగు రోజులకు తమ్ముడికి దగ్గు మొదలయింది. వారం తిరిగేసరికి జ్వరం వచ్చింది. పక్క ఊళ్ళోని వైద్యుడు చూసి, ఉబ్బసం కాబోలునని సీసాలో మందిచ్చాడు. మందు తాగినప్పుడు కాస్త తగ్గేది, మళ్ళీ వచ్చేది. రాత్రిళ్ళు నేను వాడి పక్కనే పడుకునేవాణ్ణి. వాడు ఊపిరి వదిలినప్పుడల్లా ఎక్కడో పిల్లనగ్రోవి ఊదినట్టు సన్నని ఈల వినిపించేది. వీపుకు చెవి ఆనించి వినేవాణ్ణి. ఈల కుడివైపున వినిపించేది, ఎడమవైపున వినిపించేది కాదు. ఎందుకో నాకు తెలియదు. కాని నాకు గంగిరెద్దు జ్ఞాపకం వచ్చేది. నాయనకు చెప్పాలనుకునేవాణ్ణి. చెబితే, "తినేవాణ్ణి ఎందుకు నవ్వించావు?" అని అడుగుతాడని భయం. తెల్లవారేది, చెప్పేవాణ్ణి కాదు. అలా రోజులు గడిచిపోయాయి.

చివరకు నాయన తమ్ముణ్ణి పట్నంలో పెద్దాసుపత్రికి తీసుకుపోవాలనుకున్నాడు. వాడు నన్ను వదలనని ఏడిస్తే, అమ్మతోబాటు నన్నూ తీసుకుపోయారు. అక్కడ డాక్టరమ్మ నుదుటికి గుండ్రని అద్దం కట్టుకుని ఉన్నది. ఆవిడ వాడి రొమ్ముమీద గొట్టం పెట్టి అటూ ఇటూ చాలాసేపు విన్నది. తరవాత నాయనను, "ఈ పిల్లవాడికి ఏదైనా తింటూండగా ఎప్పుడైనా పొలమారిందా అండీ?" అని అడిగింది.

ఆ సాయంకాలం నాయన ఇంట్లో లేడు. "లేదమ్మా," అన్నాడు. అమ్మ ఆలోచిస్తున్నది. పొలమారి, తగ్గిపోయి, బెల్లం తిన్నవాణ్ణి గురించి ఎవరు జ్ఞాపకం పెట్టుకుంటారు?

"పొలమారింది. నేనే నవ్వించాను," అన్నాను. నాకు ఏడుపు వచ్చేసింది.

డాక్టరమ్మ నన్ను కోప్పడలేదు. దగ్గరికి పిలిచి, "ఏం తింటున్నాడు బాబూ? ఎన్నిరోజులయింది?" అని అడిగింది. వేయించిన వేరుశెనగ గింజలనీ, గంగిరెద్దు వచ్చి పదిహేడు రోజులయిందనీ చెప్పాను. ఆవిడ వినే గొట్టం నా చెవులకు తగిలించి, తమ్ముడి రొమ్ముకు ఎడమవైపున పెట్టింది. గాలి హోరుమని వినిపించింది. కుడివైపున పెట్టింది. అక్కడ హోరు లేదు, దూరాన సన్నని ఈల మాత్రం ఉన్నది.

ఆవిడ కాగితం మీద తలకిందులు చేసిన చెట్టు బొమ్మ వేసింది. గాలి గొట్టం మాను. అది రొమ్ములో రెండు కొమ్మలుగా చీలుతుంది. కుడి కొమ్మ కాస్త లావుగా, ఎడమదానికన్న నిటారుగా ఉంటుంది. అందుచేత పైనుంచి జారిపడ్డ వస్తువు ఎక్కువగా కుడివైపుకే పోతుంది. అక్కడికి చేరాక కొంతసేపటికి దగ్గు సద్దుమణుగుతుంది. ఇంట్లోవాళ్ళు గండం గడిచిందనుకుంటారు. కాని లోపల గింజ తడికి నాని ఉబ్బుతుంది, దాని నూనె వల్ల చుట్టూ వాపు వస్తుంది. ఎక్సురేలో ఎముకా ఇనుమూ కనిపిస్తాయి గాని, వేరుశెనగ గింజ కనిపించదు. అయినా ఆవిడ ఊపిరి పీల్చినప్పుడు ఒకటీ, వదిలినప్పుడు ఒకటీ రెండు పటాలు తీయించింది. వదిలినప్పటి పటంలో ఎడమ ఊపిరితిత్తి ముడుచుకుని ఉన్నది, కుడిది మాత్రం గాలి ఖాళీ కాక ఉబ్బే ఉన్నది. లోపలికి పోయిన గాలికి బయటికి దారి లేదన్నమాట.

మర్నాడు ఉదయం తమ్ముడికి మత్తు ఇచ్చి, నోటి గుండా సన్నని గొట్టం దించి, దాంట్లోంచి పొడుగాటి పటకారు పెట్టి తీశారు. మేము బయట బల్ల మీద కూచున్నాం. నాయన నన్నేమీ అనలేదు. నా చెయ్యి మాత్రం వదలలేదు. ఎంతసేపయిందో నాకు తెలియదు. డాక్టరమ్మ చిన్న సీసా ఒకటి పట్టుకుని బయటికి వచ్చింది. అందులో సగం గింజ ఉన్నది. ఒక్క సగం గింజ! మా వసారాలో అలాంటివి బస్తాలకు బస్తాలు ఉన్నాయి.

ఈ విద్యకు అప్పటికే ఎనభై ఏళ్ళ పైబడ్డ చరిత్ర ఉన్నదని నాకు పెద్దయాక తెలిసింది. జర్మనీలోని ఫ్రైబుర్గ్ నగరంలో గుస్టావ్ కిలియన్ అనే వైద్యుడు 1897లో ఒక రైతు కుడి శ్వాసనాళంలో ఇరుక్కున్న ఎముక ముక్కను గొట్టం గుండా చూస్తూ బయటికి తీశాడు. అంతకు ముందు ఇలాంటి రోగుల్లో చాలామంది బతికేవారు కాదు. ఆ తరవాత అమెరికాలో షెవాలియర్ జాక్సన్ అనే ఆయన ఈ పనిలో అందెవేసిన చెయ్యి అనిపించుకున్నాడు. జనం మింగినవీ, పీల్చినవీ అయిన బొత్తాములూ, పిన్నులూ, నాణేలూ, ఆటబొమ్మల ముక్కలూ ఇలా తాను తీసినవాటిని పారెయ్యకుండా దాచిపెట్టాడు. అవి రెండువేలకు పైగా ఉన్నాయి. ఫిలడెల్ఫియా నగరంలోని మ్యూటర్ మ్యూజియంలో సొరుగుల నిండా వాటిని చూడవచ్చు. నాకు మాత్రం మా డాక్టరమ్మ సీసాలోని సగం గింజ ఒక్కటి చాలు.

ఇకముందు చెప్పేది మీరు చదివి, అమ్మకూ నాన్నకూ కూడా చదివి వినిపించండి. పొలమారినవాడు గట్టిగా దగ్గుతూ, ఏడుస్తూ, మాట్లాడుతూ ఉంటే గాలి ఆడుతున్నట్టే. వాణ్ణి దగ్గనివ్వాలి. నోట్లో వేలు పెట్టి కెలకగూడదు, వస్తువు ఇంకా లోపలికి పోతుంది. కాని దగ్గు చప్పుడు లేకుండా, మాట రాకుండా, ముఖం నీలంగా మారుతూంటే గాలి దారి పూర్తిగా మూసుకున్నదన్నమాట. అప్పుడు నెత్తిన తట్టి లాభం లేదు. ముందుకు వంచి, రెండు భుజాల ఎముకల మధ్య వీపుమీద అరచేతి మడమతో అయిదుసార్లు గట్టిగా చరచాలి. రాకపోతే వెనక నిలబడి, బొడ్డుకు పైన, రొమ్ము ఎముకకు కింద పిడికిలి ఆనించి, రెండో చేత్తో దాన్ని పట్టుకుని, లోపలికీ పైకీ అయిదుసార్లు గుంజాలి. ఇలా పొట్ట నొక్కే పద్ధతిని హెన్రీ హైమ్లిక్ అనే అమెరికా వైద్యుడు 1974లో లోకానికి తెలియజేశాడు. లోపల మిగిలిన గాలినే దగ్గులాగా బయటికి తోయించటం ఇందులోని కిటుకు. వస్తువు బయటపడేదాకా ఈ రెండూ మార్చి మార్చి చెయ్యాలి. ఏడాది లోపు పసివాళ్ళకు మాత్రం పొట్ట నొక్కగూడదు. తల కిందికి ఉండేట్టు ముంజేతి మీద బోర్లా పడుకోబెట్టి వీపుమీద చరచాలి, తరవాత వెల్లకిలా తిప్పి రొమ్ము మధ్య నొక్కాలి. ఈలోగా ఇంకొకరు 108కి ఫోను చెయ్యాలి. పిల్లవాడు స్పృహ తప్పితే నేలమీద పడుకోబెట్టి, ఫోనులో వాళ్ళు చెప్పినట్టు చెయ్యాలి. ఇదంతా నేర్పేవాళ్ళ దగ్గర ఒకసారి చేసి చూసుకుంటే, అవసరం వచ్చినప్పుడు చేతులు వణకవు. అయిదేళ్ళ లోపు పిల్లలకు గింజలు గింజలుగా పెట్టవద్దు. పొడి కొట్టి పెడితే రుచి ఎక్కడికీ పోదు.

పొలమారి, తగ్గినట్టే తగ్గి, కొన్నాళ్ళకు విడవని దగ్గో, ఊపిరిలో ఈలో వస్తే డాక్టరుకు పొలమారిన సంగతి చెప్పాలి. ఆవిడ అడిగినా అడగకపోయినా చెప్పాలి. మాకు అడిగే డాక్టరమ్మ దొరికింది గనక సరిపోయింది.

తమ్ముడికి నాలుగు రోజుల్లో జ్వరం తగ్గింది. ఇంటికి వచ్చిన రాత్రి నేను వాడి వీపుకు చెవి ఆనించి విన్నాను. రెండువైపులా ఒకేలాగా హోరుమంటున్నది. చాలాసేపు అలాగే వింటూ నిద్రపోయాను. ఆ సీసా మా ఇంట్లో గోడ గూట్లో దీపం పక్కన కొన్నేళ్ళు ఉన్నది. వచ్చినవాళ్ళందరికీ అవ్వ దాన్ని చూపించి, అంతా విడమరిచి చెప్పేది. గొంతులో దారులు ఎలా దాటుకుంటాయో, కుడి కొమ్మ ఎందుకు నిటారుగా ఉంటుందో డాక్టరమ్మ చెప్పింది చెప్పినట్టు, ఒక్క పొల్లు పోకుండా చెప్పేది. చెప్పటం అయ్యాక, "అయినా గుత్తి మామ తలుచుకోబట్టి పిల్లాడు దక్కాడు," అనేది.

తమ్ముడిప్పుడు బళ్ళారిలో ఉంటున్నాడు. వాడికి ఎప్పుడైనా పొలమారితే, దగ్గు తగ్గగానే నాకు ఫోను చేసి, "అన్నా, నువ్వేనా తలుచుకున్నది?" అంటాడు.

"ఏం తింటున్నావురా?" అని నేను ముందు అడుగుతాను.